జీడినూనె రాసిన ప్లగ్గు

మా తమ్ముడు ఏటా గుజరాత్ వెళ్లి అక్కడి పడవల మీద వేటకి కుదిరేవాడు. వెళ్తే మళ్లీ ఎండాకాలంలోనే రావడం. మా ఉద్దానం తీరంలో చాలా ఇళ్ల మగవాళ్లది అదే బతుకు. అలా సంపాదించి వాడు తనకంటూ మొదట కొనుక్కున్నది ఒక పాత మోపెడ్. ఆ ఏడాది వెళ్లేముందు దాన్ని మా వాకిట్లో నిలబెట్టి, తాళం మా ఆయన చేతికిచ్చాడు.

"వాడుకో బావా. ఊరికే ఉంటే తుప్పట్టిపోద్ది."

ఆ మాట నాకు చిన్నది కాదు. అంతకుముందు మా ఆయన వాడి వల అడిగి తీసుకెళ్లి, రాళ్లున్న చోట వేసి చింపాడు. చినిగిందని చెప్పకుండా మడిచి ఇచ్చేశాడు. వాడు వేటకి వెళ్లి నీళ్లలో వేశాకగాని తెలియలేదు. దాంతో రెండిళ్లకీ మాటల్లేకుండా పోయాయి. నేను పుట్టింటి గుమ్మం ఎక్కడం మానేశాను. బండి మా వాకిట్లోకి వచ్చాకే మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి.

మా ఆయన బండిని బాగానే చూసుకున్నాడు. ఉప్పుగాలికి ఇనుము నిలవదని, పడవ చెక్కకి రాసే జీడినూనె దీనికీ రాశాడు. జీడిపిక్కల పెంకు నుంచి దిగే నల్లటి నూనె అది. రాస్తే చెక్కకి పురుగు పట్టదు, నీళ్లు దిగవు. మడ్గార్డు అడుగునా, స్టాండుకీ రాయడం నేనూ చూశాను. కాదనలేదు.

తమ్ముడు ఉత్తరాలు రాసేవాడు కాదు. రాసినా అప్పటికి నాకు చదవడం రాదు. ఎండాకాలం రాగానే ఊళ్లో ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి, రేపు పొద్దున్న పలాసలో రైలు దిగుతానని చెప్పాడు. బండి కొన్నాళ్లుగా ఆగి ఆగి నడుస్తోంది. ప్లగ్గు విప్పి మసి తుడిచేస్తే సరిపోతుందని మా ఆయన కొబ్బరిచెట్టు నీడలో పానా పట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి కేక వేశాడు. "ఒలే, ఇది తిరగట్నేదే!"

నేను వెళ్లేసరికి పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీద కాలు పెట్టి తొక్కబోతున్నాడు.

"ఏటి సేత్తన్నావు మావా? దిగు. ఇరిగితే సగం ముక్క లోపలే ఉండిపోద్ది."

"నీకేటి తెలుసే బండి సంగతి?"

"బండి సంగతి తెల్దు. మా తమ్ముడి సంగతి తెలుసు."

కాలు దించాడు. ప్లగ్గు బిగించే చోట ఇంజను లోహం మెత్తన. బలవంతం చేస్తే లోపలి మర చుట్లు రాలిపోయి ఇంజనుకే ముప్పొస్తుందని ఆయనకీ తెలుసు.

"పలాస తీసుకెల్లు. మెకానిక్కు సూత్తాడు."

"ఆడు మీ తమ్ముడికి నేస్తం. ఈ బండి కొనిపెట్టిందే ఆడు. మీవోడు రైలు దిగకముందే కబురెల్లిపోద్ది."

కిరసనాయిలు పోసి చూశాం. కదల్లేదు. కారినది గుడ్డతో తుడుస్తుంటే నల్లటి బంక అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెళ్లయిన కొత్తలో పలాస బట్టీలో జీడిపిక్కలు కొట్టినదాన్ని, ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి!

"ప్లగ్గుకి కూడా జీడినూనె రాసినావేటి?"

ఆయన పానా కింద పెట్టాడు. "కిందటిసారి ఇప్పినప్పుడు మరలకి కాస్త పూసినాను. తుప్పట్టకూడదని."

"తుప్పట్టనేదు, నిజమే. మరి ఊడదు కూడా."

జీడినూనె వేడి తగిలి ఎండితే లక్కలా గట్టిపడుతుంది. బట్టీలో కత్తులకి పట్టిన లక్కని చల్లగా ఉండగా గీకితే కత్తి పాడయ్యేదేగాని అది వచ్చేది కాదు. పొయ్యి దగ్గర వెచ్చబెడితే మెత్తబడేది. ఆ మాటే చెప్పాను. కిరసనాయిలు తడి లేకుండా తుడిచి ఆరనిచ్చాక, ఇంజను వేడెక్కేలా ఆయన బండి తీసుకుని జీడితోటల చుట్టూ తిరిగొచ్చాడు.

బండి కదలకుండా నేను హేండిల్ పట్టుకున్నాను. ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని పానా తగిలించి, విప్పే వైపు కాకుండా బిగించే వైపు నెట్టాడు.

"ఇంకా బిగిత్తావేటి?"

"పడవ నట్లు ఇంతే. ముందు అటు కదిపితేనే ఇటొత్తాయి."

టక్కుమంది. విరిగిందో వదిలిందో తెలియక ఇద్దరం అలాగే ఉండిపోయాం.

"తిప్పి సూడు," అన్నాను.

తిరిగింది. కొంచెం వచ్చి పట్టేస్తే, మళ్లీ లోపలికి తిప్పి, రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి, మళ్లీ బయటికి లాగి, అలా చాలాసేపటికి విరగకుండా చేతికొచ్చింది. చల్లారాక ఆయన ప్లగ్గు రంధ్రంలో వేలు పెట్టి తడిమాడు. పైన మర ఒక చుట్టు కొద్దిగా రాలింది. కొత్త ప్లగ్గు తెచ్చి వేస్తే గట్టిగానే కూర్చుంది. బండి చక్కగా నడిచింది.

"పట్టుకుంది గదా. ఆ రాలింది బయటికి కనపడదు," అన్నాడు.

"వల కూడా కనపడదనే మడిసినావు."

ఆయన పానా తుడిచి లోపల పెట్టేశాడు. రాత్రి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు స్టేషన్‌కి ఆయనే వెళ్లాడు. ఎండెక్కాక బండి చప్పుడైతే బయటికొచ్చాను. తమ్ముడు నడుపుతున్నాడు, మా ఆయన వెనక పెట్టె పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడి మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. స్టాండు వేసి చెప్పాడు.

"పెట్టె కిందకి దించనియ్యనేదక్కా. ప్లాట్‌ఫారం మీదే ప్లగ్గు కథ మొదలెట్టేసినాడు. ఒక చుట్టు రాలిందంట, తనకేదో కాలో సెయ్యో ఇరిగినట్టు సెప్పినాడు."

"మరి నువ్వేటన్నావు?"

"ఏటంతాను? ముందు మంచినీలు తాగు బావా అన్నాను." బండి వైపు చూసి ముక్కు చిట్లించాడు. "దారంతా జీడి బట్టీ కంపు కొట్టిందే!"

మళ్లీ గుజరాత్ వెళ్లే రోజు వచ్చింది. బండి ఈసారి మెకానిక్కు దగ్గర వదిలేస్తాడేమోనని లోపల అనుకుంటూనే ఉన్నాను. వాడు ఎప్పటిలాగే మా వాకిట్లో స్టాండు వేసి, తాళం మా ఆయనకిచ్చాడు. తర్వాత ఇంట్లోకి వచ్చి, మూలనున్న జీడినూనె డబ్బా తీసుకుని, దాన్ని తన ఇంట్లో పెట్టి రైలుకి వెళ్లాడు.