ఖాళీ అంటే లేదని కాదు

మా సార్ పోయినాడని పొద్దున్నే గ్రూపులో మెసేజ్ వచ్చింది. కల్లూరులో ఇనుప సామాన్ల షాపు పైన చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. నేను మెసేజ్ పూర్తిగా చదివేలోపే దాని కింద దండాల బొమ్మలు బారులు తీరాయి. ఆయన్ని పాత సరుకని పక్కన పెట్టినవాళ్లు కూడా "తీరని లోటు" అని రాశారు. ఫోన్ మంచం మీదికి విసిరికొట్టాను. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా కోపమే ముందుంది.

ఆయన మాకు నేర్పింది ఎక్స్‌క్వెరీ. పేరు చూసి బెదిరిపోకండి. కొన్ని ఆఫీసులు తమ వివరాలను ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో, డబ్బాలో డబ్బా పెట్టి పేర్లు రాసినట్టు దాచుకుంటాయి. ఆ డబ్బాల్లోంచి కావలసింది అడిగి తీసుకునే భాష ఇది. ఒక ఆఫీసు కంప్యూటర్ అడిగితే ఇంకో ఆఫీసు కంప్యూటర్ జవాబు చెప్పే సర్వీసులు సార్ దీంతోనే కట్టేవాడు. "కర్నూల్లో బస్సెక్కు, కోడుమూర్లో దిగు, ఆడ్నుంచి మా ఊరికి ఆటో. నడమ ఒక్క స్టాపు తప్పినా మా ఇల్లు చేరవు" అంటూ డబ్బాల్లోకి దారి రాయడం నేర్పాడు.

క్వెరీ, అంటే డబ్బాలను అడిగే ఆ ప్రశ్న, రాసిన వెంటనే రన్ చేయనిచ్చేవాడు కాదు. కీబోర్డు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఏమొస్తాదో ముందు చెప్పమ్మా" అనేవాడు. ఆ చేతికి ఎప్పుడూ పొద్దున తిన్న బొరుగుల ఉగ్గాని పసుపు అంటుకుని ఉండేది. మా ఇన్‌స్టిట్యూట్లో పసుపు అంటని కీబోర్డు లేదు. చెప్పలేకపోతే మళ్లీ మొదట్నుంచి రాయాల్సిందే. విసుక్కునేదాన్ని, లోపల తిట్టుకునేదాన్ని కూడా.

ఓసారి నా క్వెరీకి జవాబు ఖాళీగా వచ్చింది. అట్లాంటి పేరే లేదు సార్ అన్నాను. ఆయన శానాసేపు నవ్వాడు.

"మా ఊర్లో నరసింహులూ అని పిలిస్తే సగం వీధి తిరిగి చూస్తాది. కంప్యూటర్ అట్ల కాదమ్మా. ఇంటిపేరు పెట్టి పిలవకపోతే ఒక్కడూ పలకడు. తప్పని కూడా చెప్పదు, ఊరికే ఖాళీ చూపిస్తాది. ఖాళీ అంటే లేదని కాదు. నువ్వు పిలిచిన తీరు చూసుకో."

ఆస్పత్రి కోసం ఆయన కట్టిన సర్వీసు కూడా ఆ మాట మీదే నిలబడింది. కౌంటర్లో ఆరోగ్య కార్డు నంబరు కొడితే, ఆ మనిషికి ఉచిత వైద్యం ఉందో లేదో కార్డుల ఆఫీసు నుంచి జవాబొచ్చేది. ఆ ఆఫీసులో పాత కార్డుల డబ్బాల పేర్లకు ముందు రాసే ఇంటిపేరు ఒకటి, కొత్తవాటికి ఇంకొకటి. సార్ సర్వీసు రెండిళ్ల తలుపులూ తట్టేది. ఏళ్లపాటు ఏ గొడవా లేకుండా నడిచింది.

తర్వాత పని వేరే కంపెనీకి పోయింది. ఈ కాలంలో ఎక్స్ఎంఎల్ ఏమిటండీ అని నవ్వి, వాళ్లు మొత్తం తిరగరాశారు. కొత్త ఇంటి తలుపు మాత్రమే తట్టారు. కోడుమూరు పక్క పల్లెల్లో పాత కార్డులున్న వాళ్లందరికీ కౌంటర్లో "వివరాలు లేవు" అని రావడం మొదలైంది. కంపెనీ ఇన్‌ఛార్జి దగ్గరికి సార్ వెంట నేనూ పోయాను.

"ఎర్రరేమీ రావట్లేదు కదా సార్" అన్నాడు ఆ ఇన్‌ఛార్జి.

"వచ్చింటే బాగుండు కదప్పా. తప్పుండాదని అయినా తెలిసేది. లేదు లేదని చెప్పి మనుషుల్ని ఎనక్కి పంపిస్తాండారు మీరు."

చూస్తామన్నారు. చూడలేదు. సార్ మధ్యాహ్నం క్లాసులు మానేసి ఆస్పత్రి కౌంటర్ పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. వెనక్కి పంపినవాళ్లను కార్డుల ఆఫీసుకు తీసుకుపోయి కొత్త కార్డులు ఇప్పించేవాడు. సర్వీసు చేయాల్సిన పని కాళ్లతో చేశాడు. తన కార్డు మాత్రం మార్చుకోలేదు. అదీ ఊరి నుంచి తెచ్చుకున్న పాత కార్డే. ఎందుకు సార్ అంటే, "ఇది పలికిన రోజు బాగు చేసినారని తెలుస్తాది" అన్నాడు. పోయినప్పుడల్లా కౌంటర్ అబ్బాయి చేత ఆ నంబరు కొట్టించేవాడు. వాళ్ల సర్వీసుకు తన కార్డునే పరీక్షగా పెట్టిన మొండి మనిషి.

గుండెనొప్పి వచ్చిన రోజూ సార్, ఆయన భార్య ఆ కార్డుతోనే అదే కౌంటర్‌కి పోయారు. వివరాలు లేవు, ఉచితంగా చేర్చుకోలేమన్నారు.

సార్ భార్యను మేం అక్కా అంటాం. ఆమె చెప్పింది: "కుర్చీలో కూలబడి కూడా ఆ పిల్లోనికి పాఠమే చెప్పినాడమ్మా. లేదని కాదప్పా, అడిగే తీరు మార్చమను మీ వాళ్లని, అంటాండాడు. నేను ఆటో కోసం ఉరుకుతాండా."

ఇంకో ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైంది. ఆ ఆలస్యం వల్లే పోయాడని డాక్టర్లు అనలేదు. నేను అంటున్నాను. రుజువు అడగొద్దు.

కర్మలు అయ్యాక అక్కనడిగి ఆ కార్డు తీసుకుని నేనే కౌంటర్‌కి పోయాను. ఆ అబ్బాయి నన్ను గుర్తుపట్టి నంబరు కొట్టాడు. జవాబు ఖాళీ. ఎర్రరేమీ రాలేదు.

"తర్వాత ఎవరు?" అన్నాడు తల ఎత్తకుండా.

నా వెనకున్న ముసలామె చీర కొంగు ముడి విప్పి, సార్ కార్డులాగే రంగు వెలిసిన కార్డు అతని ముందు పెట్టింది. అతను బటన్ నొక్కకముందే నాకు తెలుసు ఏమొస్తుందో.