తెగిన ఎర్తు తీగ

"ఫ్రిజ్ ముట్టుకుంటే కాస్త జిల్లుమంటోందండీ, చెప్పులేసుకుంటే ఏం లేదులెండి" అని ఎవరైనా నవ్వుతూ చెబితే నాకు ఒళ్ళు మండిపోతుంది. రాజోలు చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా ఫ్రిజ్జులూ మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ బాగుచేస్తున్నాను. పనివాడికి నోరు మంచిదై ఉండాలంటారు. నాకూ ఉండేది. మొన్న ఒకరింట్లో మాత్రం అరిచేశాను.

"కరెంటుతో సరసాలేంటండీ? ముందు ప్లగ్గు పీకండి!"

ఆ ఇల్లాలు బిత్తరపోయింది. "అయ్యో, అంత కోపం ఎందుకండీ? చిన్న జిల్లే కదండీ" అంది. ఆవిడకు ఏమని చెప్పను? ఈ చెప్పుల వైద్యం మా అమ్మకు నేర్పింది నేనే.

మూడు పిన్నుల ప్లగ్గులో ఆ లావుపాటి పిన్ను ఎందుకో మా వైపు ఎవరికీ పట్టదు. దాని తీగ, ఎర్తు తీగ అంటాం, గోడలోంచి పెరట్లోకి వెళ్ళి భూమిలో దిగాలి. ఎలక కొరికో చెమ్మ తగిలో లోపలి వైరు పాడైతే, ఆ కరెంటు మనిషి మీదికి రాకుండా మట్టిలోకి పోయే దారి అదొక్కటే. మా ఇంట్లో ఆ తీగ పెరట్లో ఒక కొబ్బరిచెట్టు పక్కన దిగి ఉండేది. వానలకు ముందు చెట్లకు పాదులు చేస్తాం కదా, ఆ ఏడు పార దెబ్బకు తెగింది. తవ్వింది నేను. తెగడం చూసింది నేను. తర్వాత చూద్దాంలే అనుకుని దాని మీద మట్టి లాగేసిందీ నేనే.

దసరా సెలవులప్పుడు అమ్మ మొదటిసారి చెప్పింది. "ఒరేయ్ నాన్నా, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చీమలు కుట్టినట్టుందిరా" అంది.

"రబ్బరు చెప్పులేసుకోవే అమ్మా, ఏం కాదు" అన్నాను. ఆ మాట అంటూ అన్నం తింటున్నాను. చెయ్యి కడుక్కున్నాకైనా లేచి చూడలేదు.

అమ్మ వెళ్ళి నాన్న రబ్బరు చెప్పులు తొడుక్కుంది. అవి ఆవిడ పాదాలకు మరీ పెద్దవి. వంటింట్లో టపాటపా నడుస్తుంటే నాన్నా నేనూ నవ్వేవాళ్ళం. "నవ్వండి నవ్వండి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, వీడికి పొరుగింటి ఫ్రిజ్జులైతేనే కనపడతాయి" అనేది. ఇంకో రెండుసార్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అలవాటైపోయింది కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ మానేశాక నాకు హాయిగానే ఉంది.

జనవరి నెలలో ఒక శుక్రవారం మా ఇంట్లో కూడిక పెట్టుకున్నాం. సాయంత్రం పాస్టరుగారూ సంఘంవాళ్ళూ వచ్చి పాటలు పాడి ప్రార్థన చేస్తారు. కూడిక ఉన్న రోజున అమ్మ ఇంట్లో ఎవరినీ చెప్పులు తొడుక్కోనివ్వదు. వాక్యం చదివే చోట చెప్పులేంటి అంటుంది. ఆ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా పొద్దున్న బండి తీస్తూ, ఇవాళ అమ్మ ఉత్త కాళ్ళతో ఫ్రిజ్ దగ్గరికి వెళ్తుందన్న ఆలోచన రాలేదు. "పెందరాళే వచ్చెయ్యి నాన్నా" అంది. "ఆయ్" అని వెళ్ళిపోయాను.

నేను కాట్రేనికోనలో ఒక వాషింగ్ మెషీన్ గొట్టంలోంచి ఇరుక్కున్న సాక్సు లాగుతుండగా నాన్న ఫోన్ చేశారు. "అమ్మ పడిపోయిందిరా" అన్నారు, అంతే. ఇల్లు తుడిచి, నేల ఆరకముందే నిమ్మకాయ నీళ్ళ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టబోయిందట. నాన్న మెయిన్ కట్టేసి, పక్కింటివాళ్ళ సాయంతో ఆటోలో అమలాపురం తీసుకెళ్ళారు. నేను ఆసుపత్రికి చేరేసరికి దుప్పటి మెడ దాకా కప్పి ఉంది. ముఖం మామూలుగానే ఉంది. ఇప్పుడే నిద్ర లేస్తుందేమో అన్నట్టుంది.

మట్టి చేశాం. వచ్చినవాళ్ళందరూ, "పాడు కరెంటు, ఎంత పని చేసింది" అన్నారు. "దేవుడు పిలుచుకున్నాడు" అన్నారు. ఒక్కరు కూడా నన్ను వేలెత్తి చూపలేదు. ఎవరైనా లాగి ఒక్కటి కొడితే బాగుండునని ఎంత అనిపించిందో! మా పిన్ని నా తల నిమురుతూ "నువ్వింట్లో ఉంటే ఇలా జరిగేది కాదురా" అంది. ఆ మాటకు నేను గోడకేసి తల కొట్టుకున్నాను. పాపం, అమ్మ మీద బెంగతో కొట్టుకుంటున్నానని అనుకుంది ఆవిడ.

అమ్మ కోసం సంఘంవాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక నాటి పొద్దున్న, చుట్టాలు వీధి అరుగు మీద టీలు తాగుతుండగా పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. జానెడు లోతులోనే తీగ దొరికింది. రెండు కొసలూ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. గీకి శుభ్రం చేసి, కలిపి, బోల్టు బిగించాను. ఫ్రిజ్ వెనక ఎలక కొరికిన వైరు మార్చాను. టెస్టు లైటు పెట్టి ఎర్తు అందుతోందని చూసుకుని, మళ్ళీ పెరట్లోకి వచ్చి మట్టి కప్పాను.

లేచేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పట్నించి ఉన్నారో తెలియదు.

"అయిపోయిందేంట్రా?" అన్నారు.

"ఆయ్ నాన్నా."

"పట్టుమని అరగంట కూడా కాలేదు కదరా."

నేను పారకంటిన మట్టి దులిపాను. నాన్న కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"మీ అమ్మ రోజంతా పట్టే పనేమో అనుకుందిరా. నేను నీకు చెబుతానంటే వద్దంది. వాడు అలిసిపోయి వస్తున్నాడండీ, ఓ రోజు తీరిక దొరికితే వాడే చేస్తాడు, మీరు గుర్తు చెయ్యకండి అంది."

రోజంతా పడుతుందని అమ్మకు చెప్పింది నేనే. మూడోసారి అడిగినప్పుడు, విసుగొచ్చి అన్నాను. నమ్మేసింది.