తమ్ముడి పాలపన్ను

నా చిన్నప్పుడు మా ఇల్లు షోలాపూర్‌లో, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో. నాన్న పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు, అమ్మ ఇంట్లోనే బీడీలు చుట్టేది. నా తమ్ముడికి ఆరేళ్లు. చిన్న దెబ్బ తగిలినా వాడి ఒళ్లు నల్లగా కమిలిపోయేది. సుకుమారం అనుకునేవాళ్లం, అంతే.

ఒక మధ్యాహ్నం అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. తమ్ముడి పాలపన్ను ఊగుతోంది. పీకమని వాడే అడిగాడు. దానికి దారం కట్టి లాగేశాను. పన్ను అరచేతిలో పెట్టుకుని వాడు నవ్వాడు కూడా. గడపలో కూర్చున్న నాయనమ్మ అంతా చూసింది.

నెత్తురు ఆగలేదు. పసుపు పెట్టాం, గుడ్డ అదిమి పట్టాం. ఆగినట్టే ఆగి మళ్లీ కారేది. మూడో రోజుకు వాడి పెదవులు తెల్లబడ్డాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

పన్ను ఎవరు పీకారని డాక్టరు అడిగాడు. నేను నాయనమ్మ వెనక్కి జరిగాను.

"నేనే పీకిన," అంది నాయనమ్మ, అమ్మ వైపు చూడకుండా.

అమ్మ తమ్ముడి మంచం దగ్గరికి వెళ్లాక డాక్టరు నాయనమ్మకు మరాఠీలో విడమరిచి చెప్పాడు. ఆమె కొంగు పట్టుకుని నేనూ విన్నాను. మన రక్తంలో కొన్ని ప్రొటీన్లు ఉంటాయట. గాయం కాగానే ఒకటి రెండోదాన్ని మేలుకొలుపుతుంది, అది మూడోదాన్ని. అలా వరసగా వెళ్లి, చివరి ప్రొటీను సన్నటి పోగులై గాయం మీద వలలా అల్లుకుంటుంది. తమ్ముడికి నడుమ ఒకటి పుట్టుకతోనే లేదు. ఆ వరస అక్కడే ఆగిపోతోంది. ఈ లోపం తల్లి నుంచి కొడుకుకు వస్తుందని, కూతురిలో పైకి కనిపించకుండా దాగి ఆమె కొడుక్కీ రావచ్చని కూడా చెప్పాడు.

నాయనమ్మ చేతులు జోడించింది. తల్లి నుంచి వచ్చిందన్న మాట కోడలి చెవిన వేయొద్దని బతిమాలింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మీ అమ్మ తట్టుకోదు. నన్నంటే నాలుగు దినాలు తిడ్తది. నేను పడ్త."

రక్తం ఎక్కించినా తమ్ముడు దక్కలేదు.

నాలుగు దినాలు కాదు, ఏడాదికి పైగా అమ్మ నాయనమ్మతో మాట్లాడలేదు. ముసలిదాని చేతులే మనవణ్ణి మింగాయని వాడలో ఆమె వినేలాగే అనేవారు. నాయనమ్మ తలవంచుకుని బీడీ ఆకు కత్తిరిస్తూ ఉండేది. ఒకసారి తట్టుకోలేక అమ్మకు చెప్పబోతే, నాయనమ్మే నా నోటి మీద చేయి పెట్టి బయటికి తీసుకెళ్లింది.

ఆమె పోయిన చాన్నాళ్లకు, పన్ను పీకింది నేనేనని అమ్మకు చెప్పాను.

"ఆ ఏడాదంత అత్తమ్మకు నా చేత్తోని చాయ్ గూడ ఇయ్యలే," అంది అమ్మ.

ఆ లోపం ఆమె నుంచే వచ్చిందన్న రెండో మాట మాత్రం చెప్పలేకపోయాను. నేను కొడుకును కన్నప్పుడు, వాడికి సూది గుచ్చిన చోట నెత్తురు ఆగేదాకా చూస్తూనే ఉన్నాను. ఎందుకట్ల జూస్తున్నవని పక్కనే ఉన్న అమ్మ అడిగింది. ఏం లేదమ్మా అన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను.