సుగుణమ్మ ఆరో మాట

గద్వాలల తెల్ల జాకెట్టు కుట్టాలంటే సుగుణమ్మే కుట్టాలె. ఆ మాట అనేది ఊరోళ్లు కాదు, సుగుణమ్మనే. ఊరోళ్లు అనేది ఇంకోటి: గుడ్డ ఇచ్చేటప్పుడే ఆశ ఇడిసిపెట్టి ఇయ్యాలె అని. ఇరవై ఏండ్ల సంది మిషను తొక్కుతుంది గానీ, చెప్పిన దినానికి ఒక్కరికన్న జాకెట్టు ఇచ్చిన పాపాన పోలే. "రేపు రా" అనే మాట ఎప్పుడూ ఆమె నోట్ల నానుతుంటది.

గట్లాంటి మనిషికి, రెండువేల ఆరుల, చర్చి అయ్యగారు ఆరో మాట అప్పజెప్పిండు.

శుభ శుక్రవారం నాడు యేసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి సంఘంల ఏడుగురు ప్రసంగం చేస్తరు. ఎన్నడూ మగోళ్లే చెప్పేది. ఆ ఏడాది అయ్యగారికి ఏం బుద్ధి పుట్టిందో, ఆరోది సుగుణమ్మకిచ్చిండు. ఆరోది అంటే, తండ్రి అప్పజెప్పిన పనంతా అయిపోయిందని యేసయ్య అన్న మాట. ఏ పనీ అయిపోగొట్టని ఆడిమనిషి దాని మీద ఏం చెప్తదని మొగడు యోహాను మూడు దినాలు నవ్విండు. "తాను దూర సందు లేదు, మెడకో డోలు" అన్నడు. సుగుణమ్మకు కోపమొచ్చింది. ఎందుకంటే అదే మాట ఆమె గూడ మనసుల అనుకున్నది, మొగడు ముందుగాల అనేసిండు.

అయినా పట్టుదల పట్టింది. నలభై ఐదేండ్లొచ్చినయ్, ఒక్కపారన్న ఈస్టరు ముందటి శ్రమల దినాలు నలభై మనసు అటూ ఇటూ పోకుండ దేవుని కాడ నిలబెట్టాలె. గట్ల నిలబడ్డ మనసుతోటి శుక్రవారం నాడు నాలుగు మాటలు చెప్పాలె. ఆమె కోరింది గింతే. పగటి అన్నం మానేసింది. పొద్దుగాల గంటసేపు మోకాళ్ల ప్రార్థన పెట్టుకున్నది. గిరాకోళ్లతోటి ముచ్చట్లు బంద్ చేసింది, మనసు ఎవరి మీదికీ పోవద్దని.

మనసు ఎవరి మీదికీ పోలే. జాకెట్ల మీదికి పోయింది.

ఈస్టరు నాడు తెల్లారంగనే కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల కాడికి పోవాలె, తెల్లబట్టలు కట్టుకొనే పోవాలె. అందుకని మార్చి వచ్చిందంటే సంఘంల ఆడోళ్లు తెల్లగుడ్డలు సంకన పెట్టుకొని సుగుణమ్మ గడపల కూసుంటరు. ఆ ఏడాది పదమూడు జాకెట్లు. అవి చాలవన్నట్టు మగ్గం నేసే సుభద్రమ్మ పట్టుగుడ్డ తెచ్చి పడేసింది. "మా ఇంట్ల లగ్గమున్నదక్కా, ఎప్పుడిస్తవ్?" అని అడిగింది. సుగుణమ్మ మౌనంల ఉన్నది గదా, చెయ్యి ఎత్తి రేపు రమ్మన్నట్టు సైగ చేసింది. "ఏందక్కా, దవడ వాసిందా?" అన్నది సుభద్రమ్మ పాపం నిజంగనే జాలిపడి. సుగుణమ్మ పండ్లు కొరికి ఓర్చుకున్నది, ఓర్చుకున్నందుకు దేవుడు లెక్కల రాసుకుంటడని సంబరపడ్డది.

మోకాళ్ల మీద వంగితే చీర అంచు ఊడింది కనబడుతది, సూది యాదికొస్తది. కండ్లు మూస్తే చేతులు, మెడలు, చంకలు కనబడతయి. ఒక పొద్దు "ఆమెన్" అనాల్సిన కాడ "ఆరున్నర" అన్నది. చర్చిల కూసుంటే ఇంకా అన్యాయం. ముందు వరుస ఆడోళ్ల వీపులే ఆమెకు బైబిలు. ఎవరి కుట్టు వంకర పోయింది, ఎవరు ఆమెను కాదని బస్టాండు కాడి కొత్త టైలర్ దగ్గరికి పోయిన్రు, అంతా ఆడనే రాసి ఉంటది.

చిత్రమేందంటే, మంచి మాటలు మాత్రం మిషను తొక్కుతుంటేనే తట్టేటివి. కాగితం కోసం లేస్తే మాట జారిపోతదని, గుడ్డకు పిన్ను పెట్టిన కొలతల చీటీ తీసి దాని ఎనకదిక్కు రాసుకున్నది. సుగుణమ్మ చీటీలు ఏండ్ల సంది నడుస్తయి. పాత కొలత కొట్టేసి పక్కన కొత్తది రాస్తది, కొత్త కాగితం దండుగని. గట్ల ఒక్కో మాట ఒక్కో చీటీ మీద పడి, ఈస్టరుకు వారం ముందటి మట్టల ఆదివారం దాటేసరికి పదమూడు చీటీలు నిండినయ్. ప్రసంగం తయారైందని లోపల జర గర్వమే అయింది. జాకెట్లు మాత్రం ఐదే అయినయ్.

శుక్రవారం పగటీలి ఆరాధన. ఎండ మండుతుంది, రేకుల కింద సంఘం ఉడుకుతుంది. ఐదుగురు మగోళ్లు చెప్పాల్సిన దానికి రెండింతలు చెప్పిన్రు. సుగుణమ్మ ఒక్క మాట వినలే. ఐదో మాట చెప్పే పెద్దమనిషి అంగీ కాలర్ ఎవరు చెడగొట్టిన్రా అని చూస్తుండంగనే పేరు పిలిచిన్రు. చీటీల కట్ట పట్టుకొని ముందలికి పోయింది.

మొదటి చీటీ మంచిగనే చదివింది. రెండోది తీసింది. చెమటకు కండ్లద్దాలు మసకబారినయ్, భయానికి చెయ్యి ఏ దిక్కు తిప్పిందో తెల్వదు. గొంతు పెంచి చదివింది: "రుక్కమ్మ. ఛాతి ముప్పైఎనిమిది కొట్టేసి, ముప్పైమూడు."

మైకుల చదివింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలే. అర్థమైనంక మగోళ్లు తలకాయలు దించుకున్నరు, ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. యోహాను భుజాలు ఊగుతున్నయి. సుగుణమ్మకు సిగ్గుతోటి పాణం పోయినంత పనయింది. దాని మీదికెళ్లి ఇంకోటి తట్టింది. చీటీలన్నీ ఈడికి పట్టుకొచ్చింది, ఇంట్ల ఎనిమిది తెల్లగుడ్డలు పేరు లేకుండ ఒక్క తీరుగ పడి ఉన్నయి. ఏది ఎవరిదో ఇగ ఆ యేసయ్యకే తెలియాలె.

చీటీ తిప్పబోయింది గానీ, ఆ అంకెల మీద కన్ను ఆగిపోయింది.

ముప్పైఎనిమిది, ముప్పైమూడు. ఏడాదిల ఐదు ఇంచులు. రుక్కమ్మ అంటే చర్చి ఊడ్చే ముసలామె, ఎనకా ముందు ఎవరూ లేని మనిషి. ఆమెకు టేపు చుట్టింది ఈ చేతులే. పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది ఈ చేతులే. ఇంత ఎందుకు తగ్గిందని అప్పుడు ఒక్కపారి తల ఎత్తి ఆ మొకం చూడలే.

రుక్కమ్మ చివరి వరుసల గోడకు ఆనుకొని కూసున్నది. జాకెట్టు సంచి లెక్క ఏలాడుతుంది. ముందల కూసున్నోళ్ల వీపులన్నీ చదివిన సుగుణమ్మ ఎనక కూసున్న మనిషిని చూసింది ఆ దినమే.

"పెద్దమ్మా," అన్నది మైకులనే, "ఎందుకు గిట్ల చిక్కినవ్?"

నవ్వులు ఆగిపోయినయ్. రుక్కమ్మ పరేషానై అటూ ఇటూ చూసింది. "ఏం లేదు బిడ్డా. మింగుడు పడ్తలేదు. దసరా కాడి నుంచి గంజినీళ్లే."

"మరి ఎవరికన్న చెప్పొద్దా?"

"నీకే చెప్దామనుకున్న. కొలత తీసుకునేటప్పుడు నోరు తెరిచిన. ప్రార్థనల ఉన్ననని నువ్వు వేలు అడ్డం పెట్టినవ్. దేవుని కాడున్న మనిషిని ఎందుకు కదిలియ్యాలె అని ఊకున్న."

దెప్పిపొడవలే ఆమె. ఉన్నదున్నట్టు చెప్పింది, ఇంకా మర్యాదగనే చెప్పింది. సుగుణమ్మకు ఏడుపొచ్చింది. ఎవరినన్న తిట్టాలనిపించింది, తిట్టనీకి తాను తప్ప ఎవరూ దొరకలే. "నాకు చెప్పొస్తలేదు అయ్యగారూ" అని, చీటీలు కొంగున కట్టుకొని పోయి రుక్కమ్మ పక్కన కూసున్నది. అయ్యగారు గొంతు సవరించుకొని ఏడో మాటాయనను పిలిచిండు.

శనివారం పొద్దుగాలనే రుక్కమ్మను కర్నూలు బస్సు ఎక్కిచ్చి, తాను గూడ ఎక్కింది. ఇంటికాడ ఆడోళ్లు వచ్చి గుడ్డల మీద పడి, ఇది నాదంటే నాదని కొట్లాడుకుంటుంటే యోహాను సైకిలేసుకొని ఎటో పోయిండట. దవాఖానల వరుసల కూసొని కూసొని, మూడు గంటలకు డాక్టరమ్మ చూసింది. "ఎంత చిక్కింది ఈమె?" అని అడిగింది. రుక్కమ్మకు తెల్వదు.

"ఏడాదిల ఐదు ఇంచులమ్మా. నెల కింద నేనే కొలిచిన," అన్నది సుగుణమ్మ. "కొలిచిన గానీ చూడలే."

డాక్టరమ్మ మొదటి మాట వరకే రాసుకున్నది. గొంతుల పైపు ఏసి చూడాలె, అప్పటిదాక ఈడనే ఉండాలె అన్నది.

తెల్లారితే ఈస్టరు. గద్వాలల కొవ్వొత్తులు ఎలిగిచ్చే యాళ్లకు సుగుణమ్మ మాసిన చీరతోటి మంచం పక్కన కూసొని రుక్కమ్మకు గంజి తాపుతుంది. ఆ పొద్దు ప్రార్థన చెయ్యాలన్న యాది గూడ రాలే. ఒక చెంచా గొంతు దిగిందని చూస్కున్నంకనే రెండోది పెట్టాలె, లేకుంటే పొలమారి ఊపిరాడదని నర్సమ్మ గట్టిగ చెప్పి పోయింది. అందుకని గిన్నె ఖాళీ అయ్యేదాకా, దగ్గర దగ్గర గంటసేపు, సుగుణమ్మ ఆ ముసలి గొంతు మీంచి కన్ను తీయలే.