స్పీకర్ మీద కోసిన కోడి

నాకు ఐదు బేస్ గిటార్లు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో నోటు పుస్తకం. తీగలు ఏ తేదీన మార్చాను, మెడ ఎంత వంగింది, వానాకాలంలో గదిలో చెమ్మ ఎంత ఉంది, అన్నీ వాటిలో ఉంటాయి. నా సొంత డైరీ వేరు. డోర్నకల్‌లో రైల్వే సిగ్నల్ విభాగంలో చేరిన రోజు మొదలుపెట్టాను. ఉద్యోగం అయిపోయి జనగామలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆపలేదు. ఇది రాయడానికి మొన్నటి దసరా తర్వాతి పేజీలు ముందు పెట్టుకున్నాను. 

బేస్ గిటార్ మామూలు గిటార్ కన్నా పొడుగ్గా ఉంటుంది. నాలుగు లావు తీగలు. పాటకు అడుగున నడిచే శబ్దం దానిది. ఉన్నంతసేపు ఎవరూ పట్టించుకోరు, ఆగిందంటే పాట చతికిలబడుతుంది. డోర్నకల్‌లో చర్చి పాటల బృందంలో వాయించే ఒక ఇంజను డ్రైవరు నాకు నేర్పాడు. నా ఎర్ర గిటార్ ఆయనదే, ఆయన వేళ్ళు అరగదీసిన చోటు ఇంకా కనబడుతుంది. మెడ మీద ఇనుప మెట్లు లేనిది ఒకటి, కలకత్తా నుంచి తెప్పించిన బండబరువుది ఒకటి, నడుము నొప్పి మొదలయ్యాక కొన్న పొట్టిది ఒకటి. ఐదు తీగలది కూడా ఉంది గానీ దానికి నా చేయి అలవాటు పడలేదు. నెలనెలా మొదటి తారీకున అన్నిటినీ దించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మెడ మీది చెక్కకు నూనె రాసి మళ్ళీ గోడకు తగిలిస్తాను.

వీటన్నిటి కన్నా నాకు విలువైనది గిటార్ కాదు, ఒక నల్లటి స్పీకర్ డబ్బా. నడుమెత్తు ఉంటుంది. లోపల పదిహేను అంగుళాల స్పీకర్. ముందు వెండి రంగు జాలీ గుడ్డ, కింద గాలి వదిలే రంధ్రం. స్పీకర్‌లో శబ్దం చేసేది గిన్నెలా ఉండే మందపాటి కాగితం. ఏళ్ళ తరబడి మోగి మోగి ఆ కాగితం మెత్తబడింది, శబ్దమూ మెత్తబడింది. నాకు ఎడమ చెవి దాదాపు పోయింది, కుడి చెవికి కింది స్వరాలు అందవు. నా దగ్గరున్న ఇంకో రెండు స్పీకర్ డబ్బాల ముందు కూర్చుంటే నేనేం వాయిస్తున్నానో నాకే తెలియదు. ఈ డబ్బాకు వీపు ఆనించి కూర్చుంటే మాత్రం ప్రతి స్వరం వెన్నులోకి వచ్చేది. అది ఉన్నన్ని రోజులే నేను వాయించగలనని నాకు తెలుసు.

దసరాకు వారం ముందు చిట్యాల నుంచి మా డ్రమ్ముల తమ్ముడు ఫోన్ చేశాడు. సొంత తమ్ముడు కాదు. నెల్లికుదురు నుంచి చిట్యాల దాకా పెళ్ళిళ్ళలో, జాతరల్లో ఇరవై ఏళ్ళు కలిసి వాయించాం. అతను డ్రమ్ములు, నేను బేస్. ఆర్కెస్ట్రాలు పిలిచేవాళ్ళు లేకపోయాక అతను డీజే పెట్టుకున్నాడు.

"అన్నా, దసరా పూజకు మన డబ్బ పంపియ్యరాదే."

"నీ డీజే డబ్బలకు చేస్కో పూజ. నాదెందుకు?"

"నీదేంది? మనం బువ్వ తిన్నది దాని మీదనే గదా. పోయినేడు నాయి రెండు ఆంప్‌లు కాలినయ్. ముంగట అదుంటే నాకు జర ధైర్యం. అయినా దానికి ఎన్నడన్న బొట్టు పెట్టినవా?"

"తుడుస్త. నూనె పెడుత."

"అది నర్సు పనే, పూజ గాదు."

నవ్వొచ్చింది, సరే అన్నాను. వ్యాను పంపాడు. డబ్బా మీద ఒక కాగితం అంటించాను. నీళ్ళ దగ్గర పెట్టవద్దు, ఎండలో ఉంచవద్దు, ఒక పక్క పిడి పట్టి లేపవద్దు, డీజే ఆంప్లిఫయర్‌కు కలపవద్దు, పైన బరువు పెట్టవద్దు, జాలీ గుడ్డను ముట్టుకోవద్దు. మొత్తం ఆరు. వ్యాను డ్రైవరు అంతా చదివి, "గిది డబ్బనా, ఆపరేషన్ అయిన మనిషా?" అన్నాడు.

మా వైపు దసరాకు పనిముట్లకు పూజ చేస్తారు. ట్రాక్టరు ఉన్నవాళ్ళు ట్రాక్టరుకు, కుట్టుమిషన్ ఉన్నవాళ్ళు కుట్టుమిషన్‌కు. బండికో మిషన్‌కో ఆపద రాకూడదని కోడిని కోసి నాలుగు నెత్తుటి చుక్కలు చూపిస్తారు. అది నాకు తెలియనిదేం కాదు. డోర్నకల్‌లో మేం పట్టాల మీద తిరిగే ట్రాలీకి కూడా కోసేవాళ్ళు, ఆ కూర నేనూ తిన్నాను. డబ్బాకు చెక్క మూల మీద వేలితో బొట్టు పెడతారనుకున్నాను. వచ్చాక తుడుచుకోవచ్చనుకున్నాను.

పండుగ పొద్దున బస్సెక్కి చిట్యాల చేరాను. అతని ఇంటి ముందు డీజే డబ్బాలు గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి పసుపు, బంతిపూల దండ. నాది వాటి ముందు వెల్లకిలా పడుకుని ఉంది. దాని కింద చక్రాలు ఉంటాయి. వాకిలి వాలుగా ఉండటంతో నిలబెడితే జారిపోతోందని పడుకోబెట్టారట. నేను రాసిన ఆరింటిలో పడుకోబెట్టవద్దని లేదు. స్పీకర్ ముఖం ఆకాశంలోకి ఉంది. వెల్లకిలా ఉన్న స్పీకర్ కాగితం అచ్చంగా గిన్నె. ఆ సంగతి నాకు తట్టేలోపే అతను నన్ను చూశాడు.

"ఆగుండ్రి, అన్నొచ్చిండు! మొదటిది అన్న డబ్బకే!"

అతను పుంజును పట్టుకుని ఉన్నాడు, అతని బామ్మర్ది చేతిలో కత్తి ఉంది. నేను "ఏయ్" అన్నాను. వాకిట్లో డప్పులు మోగుతున్నాయి, ఎవరికీ వినబడలేదు. మిగతా డబ్బాలకు వేలితో రాస్తారు. నా డబ్బాకు గౌరవం ఎక్కువ కాబట్టి, తల తెగిన కోడిని తమ్ముడు జాలీ గుడ్డ మీద రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందు ధారగా పడింది, తర్వాత చుక్కలుగా. చుక్క పడ్డప్పుడల్లా లోపల కాగితం దబ్ దబ్‌మని మోగింది. ఆ చప్పుడు నాకు చెవితో వినబడలేదు. అప్పటికి పరుగున వెళ్ళి డబ్బా మీద చేయి వేసి ఉన్నాను, అరచేతికి తెలిసింది. ఇరవై ఏళ్ళు నా వేళ్ళు పుట్టించిన స్వరాలు మోసిన కాగితం మీద వెచ్చటి నెత్తురు మడుగు కట్టింది. దాని మీద ఒక ముదుసలి నైవేద్యంగా ఇంత కల్లు సాక పోసింది. జాలీకి ఒక ఈక అంటుకుని ఉంది.

నేను అరిచాను. ఏమన్నానో డైరీలో రాయలేదు, రాయదగ్గ మాటలు కావు. డప్పులు ఆగాయి. అతను కోడిని పట్టుకునే నిలబడి, "ఏమైందన్నా?" అన్నాడు. నిజంగానే అతనికి ఏమీ అర్థం కాలేదు. నేను డబ్బాను లేపి నిలబెట్టాను. కింది రంధ్రంలోంచి కల్లూ నెత్తురూ కలిసి నా చెప్పుల మీదికి వచ్చాయి. అన్నానికి కూర్చోకుండా డబ్బాను వ్యానులో వేయించుకుని వచ్చేశాను.

ఇంటికి తెచ్చాక చేసిన పనులన్నీ వరుసగా రాసి ఉన్నాయి. మరలు విప్పి స్పీకర్ బయటికి తీశాను, జాలీ గుడ్డ ఉతికాను, డబ్బా లోపలంతా తుడిచాను. కాగితాన్ని కడగకూడదు, నానితే విచ్చిపోతుంది. తడి దూదితో కొంచెం కొంచెం అద్దాను. దూది ఎర్రబడింది, గోధుమరంగు అయింది, చివరికి ఏ రంగూ రాలేదు, వాసన మాత్రం ఉంది. డాబా మీద నీడలో ఆరబెట్టాను. ఈగలు. నాఫ్తలీన్ ఉండలు పెట్టాను, ఆ వాసన ఈ వాసనతో కలిసి ఇంకా పాడయింది. మర్నాడు పిట్టగోడ దాటి చీమల బారు, అవి కాగితం అంచును కొరుకుతున్నాయి.

"ఏమయ్యా," అంది నా భార్య మెట్ల మీది నుంచే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "మన ఇంట్ల ఎవలన్న సచ్చిండ్రా అని పక్కింటామె అడుగుతాంది. ఆ డబ్బన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

నాలుగో రోజు స్పీకర్‌ను తిరిగి బిగించి, ఎర్ర గిటార్ తగిలించుకుని, డబ్బాకు వీపు ఆనించి కూర్చున్నాను. అన్నిటికన్నా లావు తీగను మీటాను. శబ్దం వచ్చింది. అదే శబ్దం, అంతే మెత్తగా, వెన్నులోకి. ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చింది. స్పీకర్ కాగితం ముందుకూ వెనక్కూ కదిలినప్పుడు కింది రంధ్రంలోంచి గాలి వస్తుంది. స్వరం ఎంత కిందిదైతే గాలి అంత ఎక్కువ. ఆ గాలి నా నడుము పక్క నుంచి పైకి వచ్చింది, మాంసం దుకాణం వెనక మురుగు మోరీ వాసనతో. రెండో స్వరం, రెండో ఊపిరి. ఏదో జంతువు నా వెనక కూర్చుని నా పాటకు తగ్గట్టు ఊపిరి వదులుతున్నట్టుంది. నాలుగు నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

వాసన రోజురోజుకూ తగ్గుతుందనుకుని రోజూ ప్రయత్నించాను. తగ్గింది కూడా, నా భార్య తనకు ఇక రావడంలేదంది. నాకు మాత్రం మీటకముందే, వేలు తీగ మీద పెట్టగానే వచ్చేది. పదకొండో రోజున ఒప్పుకున్నాను, ఇక నా వల్ల కాదు.

మహబూబాబాద్‌లో స్పీకర్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. స్పీకర్ ఒక్కటే విప్పి సంచిలో పెట్టుకుని రైలెక్కాను. అది బరువుగా ఉండటం, నేను ఒడిలో దాచుకున్నట్టు పట్టుకోవడం చూసి ఎదురుసీటు ఆమె, "ఏం దెస్తున్నవ్ బాపూ, యాట తలకాయనా?" అని అడిగింది. మేక తలకాయ కాదన్నాను. ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది.

ముసలాయన స్పీకర్‌ను బల్ల మీద పెట్టి ఆంప్‌కు తగిలించాడు. ఏదో పాట వేసి విన్నాడు. కాగితాన్ని గోటితో గీరాడు.

"ఆవాజ్ మంచిగనే ఉన్నది సారూ. ఏంది పరేషాన్?"

"వాసన."

ఆయన వంగి వాసన చూశాడు. "నాకేం వస్తలేదు."

"నాకొస్తుంది."

"గట్లయితే కాగితం కోసేసి కొత్తది అతికియ్యాలె. కానీ చెప్తున్న, ఈ ఆవాజ్ మళ్ళ రాదు. గిట్ల నలిగిన కాగితం ఇప్పుడేడ దొరుకుతది? నా మాటిని తీస్కపో."

బయటికి వచ్చి చిట్యాలకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. బహుశా అతను క్షమించమంటే కోసేపని తప్పుతుందేమోనని.

"తమ్మీ, స్పీకర్ కాగితం తీసేయిస్తున్న."

"ఎందుకు? మోగుతలేదా?"

"మోగుతుంది."

"మరేందే?"

"రోత పుడుతుంది."

 "ఇరవై ఏండ్లు నా పక్కన కూసోని కోడికూర తిన్నవు. ఒక్కనాడు రోత అనలేదు," అన్నాడు. "మా ఇంట్ల అందరి కన్న ముందు నీ డబ్బకు మొక్కిన. నీ ఇష్టం అన్నా."

ఇప్పటికీ ఆదివారం మా ఇంట్లో కోడికూర వండుతారు, నేను తింటాను. అతని మీద కలిగిన రోత ఆ ఫోన్‌తో సగం నా మీదికి తిరిగింది, కానీ తగ్గలేదు. లోపలికి వెళ్ళి, "కోసెయ్" అన్నాను.

ఆయన బ్లేడుతో అంచు చుట్టూ గీశాడు. కాగితం గిన్నె ఒక్క చప్పుడుతో ఊడివచ్చింది. కొత్తది అతికించి, జిగురు ఆరేదాకా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, తర్వాత ఒక ఖాళీ డబ్బాలో బిగించి మోగించాడు. నేను చెప్పులు విడిచి, ఆ డబ్బాకు వీపు ఆనించి కూర్చున్నాను. చెక్క అదిరింది. నా వెన్నుకు అదురు తెలిసింది గానీ ఏ స్వరమో తెలియలేదు. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా అందలేదు.

"మోగంగ మోగంగ మెత్తగయితది," అన్నాడు ఆయన. "నాలుగైదేండ్లు వాయించాలె."

నా వయసు ఎంతో ఆయనకు కనబడుతూనే ఉంది. ఆ మాట అని ముఖం తిప్పుకున్నాడు.

స్పీకర్‌ను సంచిలో పెట్టి, పాత కాగితాన్ని పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు, దుకాణంలో ఉంచుకోనన్నాడు. రైల్లో మళ్ళీ ఆ వాసన ఒడిలో పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. రోడ్డు దాటి, మోరీ పక్కన చెత్తకుప్ప మీద పడేశాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. ఒక కుక్క వచ్చి పేపరు చింపి, గిన్నెను ముందుకాళ్ళ మధ్య పట్టుకుని లోపలంతా శ్రద్ధగా నాకుతోంది. ముసలాయన తనకు రావడంలేదన్న వాసన దానికీ వచ్చింది. ఇంకో కుక్క రాగానే గుర్రుమంది. రెండూ చెరో అంచు పట్టుకుని లాగాయి, కాగితం చినిగింది. చూడలేకపోయాను, అయినా చివరి ముక్క దాకా నిలబడి చూశాను.