సొంత కూతురి పెళ్ళిలో మర్ఫా కొట్టొచ్చా?

2023 చలికాలం. దోహాలో ఎండ మెత్తబడి, జనం సాయంత్రాలు ఆరుబయట కూర్చోవడం మొదలుపెట్టిన రోజులు. అప్పటికి నేను ఇక్కడ ఒక చిన్న న్యాయ సలహా సంస్థలో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. చదివింది ఇంగ్లిష్ లా. ఖతార్‌లో కూర్చుని ఇంగ్లండ్ చట్టం ఎవరికి చెబుతావని గుంటూరులో మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. ఇక్కడి చాలా విదేశీ కంపెనీలు తమ ఒప్పందాల చివర ‘గవర్నింగ్ లా’ అని ఒక క్లాజు రాసుకుంటాయి. పేచీ వస్తే ఏ దేశపు చట్టం ప్రకారం తేల్చుకోవాలో అందులో ఉంటుంది. అక్కడ ఇంగ్లండ్ పేరు కనిపిస్తే ఆ కాగితం నా బల్ల మీదికొస్తుంది. ఉమ్మడి వ్యాపారాలు, దుకాణం అద్దెలు, బ్రిటిష్ పౌరసత్వం ఉన్న కుటుంబాల వీలునామాలు, ఇవే నా రోజువారీ పని.

ఒక గురువారం సాయంత్రం ఇద్దరు మగవాళ్ళు డ్యూటీ దిగి నేరుగా మా ఆఫీసుకొచ్చారు. ఒకాయన మల్లేశ్, జగిత్యాల దగ్గరి మనిషి, ఒక నిర్మాణ కంపెనీలో స్కఫోల్డింగ్ ఫోర్‌మన్. రెండో ఆయన ఇలియాస్ భాయ్. ఏసీలు బాగుచేస్తాడు, కుటుంబంతో దోహా పక్కనున్న అల్ వక్రాలో ఉంటాడు. పుట్టింది హైదరాబాదు పాతబస్తీలో అయినా తెలుగు మాత్రం జగిత్యాలది. భార్యాబిడ్డలు ఇక్కడికి రాకముందు కార్మికుల క్యాంపులో ఏళ్ళ తరబడి మల్లేశ్‌తో ఒకే గదిలో ఉండటంతో ఆ యాసే అబ్బింది.

“మేడం మన తెలుగామెనే. నువ్వే చెప్పన్నా,” అన్నాడు మల్లేశ్.

ఇలియాస్ భాయ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “మేడంజీ, ఒక్కటే సవాల్. నా బిడ్డ షాదీల నేను మర్ఫా కొట్టచ్చా, కొట్టద్దా?”

“మీ అమ్మాయి, మీ మర్ఫా. నన్నడగాల్సిన పనేముందండీ?”

“నేను గట్లనే అనుకున్న. కంపెనీ వద్దంటున్నది.”

మర్ఫా అంటే పాతబస్తీ పెళ్ళి ఊరేగింపుల్లో సన్నని పుల్లలతో వాయించే చిన్న డోలు. శుక్రవారాల్లో వక్రా సముద్రం పక్కన ఒక ఖాళీ స్థలంలో ఇలియాస్ భాయ్ మర్ఫా, మల్లేశ్ వాళ్ళ డప్పులు కలిసి మోగేవట. మొదట్లో కాలక్షేపానికి మొదలైంది, పోనుపోను ఆరుగురి బృందమైంది. వాళ్ళ చప్పుడు విన్న ఒక ఈవెంట్ కంపెనీ మేనేజరు ఆ చలికాలపు మేళాలో పెద్ద స్టేజీ మీద వాయించమని పిలిచాడు. ఇక్కడి అనుమతులు, వాళ్ళ యజమానుల ఒప్పుకోలు అన్నీ కంపెనీయే తెప్పించింది. మా ఆఫీసులో అరబిక్ కాగితాలు చూసే సహోద్యోగి అవన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు.

చిక్కు వేరే చోట ఉంది. మేళా మొదలవడానికి వారం ముందు ఇలియాస్ భాయ్ కూతురు సబా పెళ్ళి. ఆ పెళ్ళిలో బృందమంతా వాయిస్తామని ఏనాడో మాటిచ్చుకున్నారు. సంతకాలప్పుడు మేనేజరుతో ఆ సంగతి చెబితే, “ఇంటి పెళ్ళే కదా, దానికేముంది, వాయించుకోండి” అన్నాడట. తర్వాత ఆయన మరో దేశపు ఆఫీసుకు మారిపోయాడు. పెళ్ళి సంగతి తెలిసి, కంపెనీ లీగల్ హెడ్ హెలెన్ అనే ఇంగ్లిషావిడ మెయిల్ పంపింది. ఒప్పందం ప్రకారం ఈ సీజన్‌లో మీరు బయట ఎక్కడా వాయించడానికి వీల్లేదు, వాయిస్తే స్టేజీ రద్దు అని.

ఒప్పందం చదివాను. అందులో ‘ఎక్స్‌క్లూజివిటీ’ క్లాజు ఉంది. ఒప్పుకున్న కాలమంతా మా ఒక్కరికే ప్రదర్శన ఇవ్వాలి అని దానర్థం. దాని కిందే ‘ఎంటైర్ అగ్రిమెంట్’ క్లాజు. మన మధ్య ఒప్పందమంటే ఈ కాగితం మాత్రమే, అంతకుముందు నోటితో అనుకున్నవేవీ చెల్లవు అని చెప్పే క్లాజు అది. ఇంగ్లిష్ లా దాన్ని చాలా గట్టిగా పట్టించుకుంటుంది.

“అంటే ఆ సార్ చెప్పింది మాఫీ?” అన్నాడు మల్లేశ్. ఏదైనా లేదనడానికి ఇక్కడ అందరూ వాడే అరబ్బు మాట అది.

“కోర్టు దాకా వెళితే దాదాపు మాఫీనే.”

“అయితే స్టేజీ ఒద్దు మేడం. అన్నకు ముందు మాటిచ్చినం.”

“పాగల్ మాటలు మాట్లాడకు,” అని ఇలియాస్ భాయ్ గదిమాడు. “జిందగీల ఒక్కసారొచ్చింది స్టేజీ. నా బిడ్డ కోసం ఐదుగురి కిస్మత్ ఖరాబ్ చేస్తనా? మేడంజీ, షాదీల మేమెవ్వరం కొట్టమని రాసియ్యండి. ఖలాస్.”

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వదులుకుంటామంటూ నా ముందే గొడవపడ్డారు. మా ఆఫీసుకు వచ్చే భాగస్వాములు సాధారణంగా పోట్లాడుకునేది అందుకు సరిగ్గా వ్యతిరేకంగా. వాళ్ళిద్దరికీ పాలు లేని సులేమానీ చాయ్ తెప్పించి, ఒప్పందం మళ్ళీ మొదటి నుంచి చదివాను. పదాలకు అర్థాలిచ్చే భాగాన్ని ‘డెఫినిషన్స్’ అంటారు. అందరూ దాటేసి వెళ్ళిపోయే పేజీ అది. అందులో ‘ప్రదర్శన’ అంటే ‘డబ్బు గానీ మరే రూపంలో గానీ ప్రతిఫలం తీసుకుని చేసేది’ అని ఉంది.

“పెళ్ళిలో వాయించినందుకు మీరేమైనా తీసుకుంటున్నారా?”

“అన్న దగ్గరనా?” మల్లేశ్‌కు నిజంగానే కోపమొచ్చింది.

ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతిఫలం లేకపోతే అది ఒప్పందం చెప్పే ప్రదర్శనే కాదు. అదే మాట హెలెన్‌కు రాశాను. మర్నాటికల్లా జవాబొచ్చింది, ఒకే ఒక ప్రశ్నతో: “వాళ్ళకు ఆ రోజు భోజనం పెడతారా?”

మొదట నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆవిడ అడిగింది తెలివైన ప్రశ్న. ఇంగ్లిష్ లాలో ఒక మాట ఒప్పందం కావాలంటే దానికి బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. దాన్ని ‘కన్సిడరేషన్’ అంటారు. అది ఎంత చిన్నదైనా పరవాలేదు, మిరియపు గింజైనా చాలునని మాకు మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. మిరియపు గింజే చాలినప్పుడు, మరి ‘మరే రూపంలో గానీ ప్రతిఫలం’ కిందికి ప్లేటు నిండా బిర్యానీ రాదని ఎలా అనగలం?

శనివారం వక్రాలో ఇలియాస్ భాయ్ ఇంటికి వెళ్ళాను. పెళ్ళిపనుల హడావుడిలో సోఫాల మీద బట్టలు కుప్పలుగా ఉన్నాయి. మల్లేశ్ కూడా అక్కడే ఉండి దీపాల తీగలు కడుతున్నాడు. విషయం చెప్పి, జాగ్రత్త కోసం ఒక మాటన్నాను. “వాయించేవాళ్ళు ఆ రోజు పెళ్ళిలో భోంచేయకపోతే ఇక ఏ పేచీ ఉండదు.”

ఇలియాస్ భాయ్ భార్య నస్రీన్ గారు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయారు.

“నా ఇంటికొచ్చి, నా బిడ్డ షాదీల డప్పు కొట్టి, ఉపాసం పోవాల్నా?” అన్నాడు ఇలియాస్ భాయ్. “అట్లయితే బాజానే ఒద్దు.”

లోపలి నుంచి సబా బయటికొచ్చింది. ఫార్మసీలో ఉద్యోగం చేసే పిల్ల, దోహాలోనే పెరిగింది. “అబ్బా నై బజాయే తో మై బాహర్‌చ్ నై ఆతీ,” అంది చేతులు కట్టుకుని. నాన్న వాయించకపోతే తాను పెళ్ళిపందిట్లోకే రానని ఆమె పంతం.

అప్పుడు నాకు అడగాల్సిన ప్రశ్న తట్టింది. “ఇలియాస్ భాయ్, ఒకటి చెప్పండి. మల్లేశ్ వాళ్ళు ఆ రోజు డప్పు కొట్టలేదనుకోండి. అప్పుడు వాళ్ళకు భోజనం పెడతారా, పెట్టరా?”

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “కొట్టకుంటే పెట్టనా? ఇదేం మాట మేడంజీ! చెయ్యి ఇరిగి కట్టు కట్టుకుని రానీ, నేను పక్కన కూసోని నా చేతితోని తినిపిస్త.”

“ఇదే మాట హెలెన్ ముందు చెబుతారా?”

“బాద్షా ముందైనా చెప్త.”

సోమవారం నలుగురం హెలెన్ ఆఫీసులో కూర్చున్నాం. నేను ఇటు ఇంగ్లిషులోకి, అటు తెలుగులోకి మార్చి చెబుతున్నాను. నా వాదన ఒక్కటే. దేనికైనా బదులుగా ఇచ్చేదే ప్రతిఫలం. వాయించినా వాయించకపోయినా పెట్టే అన్నం వాయించినందుకు బదులు కాదు, అతిథికి చేసే మర్యాద. ఆ పైన ఇలియాస్ భాయ్ తన మాట చెప్పాడు. చెయ్యి విరిగిన సంగతి ఒక్క అక్షరం పోనివ్వకుండా అనువదించాను. హెలెన్ తల వంచుకుంది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందని తెలిసింది.

నవ్వు తగ్గాక అసలు సంగతి చెప్పింది. “నాకు భోజనంతో పేచీ లేదు. ఈ షో కోసం వాళ్ళతో కొత్త దరువు ఒకటి కట్టించాం. అది వారం ముందే పెళ్ళి వీడియోల్లో బయటికొస్తే మేళాలో కొత్తేముంటుంది? నా భయమల్లా అదే.”

నేను తెలుగులో చెప్పడం పూర్తవకముందే మల్లేశ్ అందుకున్నాడు. “షాదీల షాదీ దరువే కొడ్తం మేడం. స్టేజీ దరువు ఆడ ఎవలు అడుగుతరు? అది కొడితే పెండ్లికొడుకు దోస్తులు ఎగురుతరా?”

అంతే, చిక్కుముడి వీడిపోయింది. కానీ నోటిమాట దగ్గర ఆగడానికి నేను ఒప్పుకోలేదు. ఈ ఒప్పందంలో మార్పేదైనా రాతపూర్వకంగా, రెండు పక్షాల సంతకాలతోనే చేయాలని ఇంకో క్లాజు ఉంది మరి. అక్కడికక్కడే ‘సైడ్ లెటర్’ రాశాం. అసలు ఒప్పందాన్ని తిరగరాయకుండా, ఒకటి రెండు అంశాలు సర్దుకోవడానికి రాసుకునే చిన్న కాగితం అది. సొంత కుటుంబాల వేడుకల్లో ఉచితంగా వాయించుకోవచ్చు, షో దరువు మాత్రం మేళాలోనే మోగాలి, అతిథిగా తిన్న భోజనం ప్రతిఫలం కిందికి రాదు. చివరిది ఏ అనుమానానికీ తావుండకూడదని హెలెన్ పట్టుబట్టి రాయించింది.

సంతకాలయ్యాక ఇలియాస్ భాయ్ లేచి, హెలెన్ వైపు తిరిగి చేయి గుండెల మీద పెట్టుకున్నాడు. “మీరూ రావాలె మేడంజీ. మీ హస్బెండ్‌ను గూడ తీస్కరావాలె.” నేను అనువదించేలోపే హెలెన్ వస్తానని తలూపింది.

పెళ్ళిరోజు సాయంత్రం సముద్రపు చెమ్మకు డప్పుల చర్మం సడలింది. ఊళ్ళో అయితే మంట ముందు కాచేవాళ్ళు. హాల్లో మంట ఎక్కడ పెడతాం? పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోంచి హెయిర్ డ్రయ్యర్లు తెచ్చి, నలుగురు గట్టి మగాళ్ళు వరసగా కూర్చుని శ్రద్ధగా డప్పులు కాచారు. సబా అత్తవారి తరఫు ఆడవాళ్ళు అది చూసి పడీపడీ నవ్వారు.

పెళ్ళికొడుకు కారు దిగాడు. “యల్లా!” అన్నాడు మల్లేశ్ అరబ్బులో, ఇక కానివ్వండన్నట్టు. డప్పులు ఒక్కసారిగా దద్దరిల్లాయి. వాటి మీదుగా, షేర్వానీ చేతులు పైకి మడిచిన ఇలియాస్ భాయ్ మర్ఫా చిటపటలాడింది. చాటున ఉండాల్సిన పెళ్ళికూతురు తలుపు సందులోంచి సగం బయటికొచ్చి తండ్రిని చూస్తోంది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, చేతుల్లో పుల్లలు మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. హెలెన్ భర్త పెళ్ళికొడుకు స్నేహితుల మధ్య దూరి, తనకు తోచినట్టు ఎగురుతున్నాడు.

భోజనాల దగ్గర హెలెన్ మొదటి ముద్ద తిని, వెంటనే రెండోది కలుపుకుంది. తర్వాత నా వైపు వంగి నెమ్మదిగా అడిగింది. “ఇది ప్రతిఫలం కాదని నిజంగా నేనే సంతకం పెట్టానా?”

మేళాలో వాళ్ళ ప్రదర్శన అదిరిపోయింది. జనం అడిగి అడిగి మళ్ళీ వాయింపించుకున్నారు. ఇలియాస్ భాయ్, మల్లేశ్ ఆ తర్వాత ఏ కాగితమొచ్చినా నాకు చూపించే సంతకం పెడుతున్నారు.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఇదివరకు ఎవరైనా ఒప్పందం తీసుకొస్తే, మీకు దీనిలో ఏం కావాలని ముందుగా అడిగేదాన్ని. ఇప్పుడు మొదటి ప్రశ్న, “దీనికంటే ముందే మీరు ఎవరికి ఏం మాటిచ్చారు?” అని. ఆ మాటలన్నీ విని, సంతకానికి ముందే కాగితంలోకి ఎక్కిస్తాను. మొన్న అల్ తుమామాలో టీకొట్టు పెడుతున్న దంపతుల్ని అదే అడిగాను. తన అక్కకు రోజూ సాయంత్రం చాయ్ ఉచితమని మాటిచ్చామని భర్త సిగ్గుపడుతూ చెప్పాడు. ఇలాంటివి కూడా రాస్తారా అని భార్య నవ్వింది.

రాశాను. అక్క పేరుతో సహా.