నుదుటి దాకా వచ్చిన ఫొటో

ఫైళ్లు ఎంతవరకు కాపీ అయ్యాయో చూపే తెర మీది నీలం గీత సగం దాటాక కదలడం మానేసింది. పాత కంప్యూటరు డబ్బాలోంచి టిక్ టిక్‌మని చప్పుడు మొదలై, కాసేపటికి అదీ ఆగింది. రిపేరు షాపు బల్లకు అవతల కూర్చున్న ఆమె తెర వైపు కాక నా ముఖం వైపు చూసింది.

"ఆగిందా, సారూ?"

"ఆగిందమ్మా."

ఆమెది చర్ల దాటాక అడవిలో ఉన్న పల్లె. నేను ఒక దినపత్రికకు భద్రాచలం నుంచి వార్తలు, ఫొటోలు పంపిన కాలంలో, గోదావరి వరదకు ఆమె ఊరివాళ్లను ఒక బడిలో ఉంచారు. అక్కడ అన్నం వరుసలో నిలబడ్డ ఆమె తల్లినీ తండ్రినీ నేను ఫొటో తీశానట. మరుసటి ఏడు తండ్రి జ్వరంతో పోయాడు. ఆయన ఫొటో ఇంకొకటి లేదు. ఇప్పుడు తల్లికి చూపు తగ్గిపోతోంది.

"మొకం మర్చిపోతున్న అంటది, సారూ. కండ్లు పోకముందే ఒక్కపారి చూస్తదట."

పేపరు ఆఫీసులో అడిగితే దొరకదా అన్నాడు రిపేరు షాపతను. దొరికినా లాభం లేదు. అప్పట్లో ఫొటోలు ఫోను తీగ మీద వెళ్లేవి. మోడెం మీద యాభై ఆరు కిలోబిట్లని రాసి ఉండేది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు గనుక అది ఏడు కిలోబైట్లే. మా లైన్లలో సెకనుకు నాలుగు వస్తే గొప్ప. అందుకే ఫొటోను బాగా కుదించి పంపేవాణ్ణి, ముఖాలు చుక్కలయ్యేవి. తొందర లేనివి సీడీలో వేసి, కవరు ఖమ్మం బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. ఏడు వందల మెగాబైట్లు మూడున్నర గంటల్లో చేరేవి. సెకనుకు యాభై ఐదు కిలోబైట్లు! దారిలో టీకి ఆగే బస్సు మోడెం కంటే పదింతలకు పైగా వేగం. కానీ వరద రోజుల్లో రోడ్డే లేదు. ఆ ఫొటోల అసలు ప్రతులు నా డిస్కులోనే మిగిలాయి.

ఆ డిస్కు షాపులోని కొత్త కంప్యూటరు వైర్లకు తగిలిస్తే తిరగలేదు. నా పాత కంప్యూటరులోనే మేలుకొంది. దానికి పెన్‌డ్రైవు పెట్టే రంధ్రం మొదటి తరానిది, పన్నెండు మెగాబిట్లు. కాగితం మీద ఒకటిన్నర మెగాబైటు, చేతికి వచ్చేది ఒకటి కూడా కాదు.

"టీ గ్లాసుతోటి గోదారి తోడినట్టే గదా, సార్," అన్నాడు షాపతను, కాపీ మొదలుపెట్టక ముందు. "అరగంటల గిది కాలిపోతది. మళ్ల తిరుగుతదని నేనైతె చెప్పలేను. ఏది గావాల్నో ముందే చూసుకోండ్రి."

'వరద', 'వరద కొత్త', 'వరద కొత్త 2' అని మూడు ఫోల్డర్లున్నాయి. కంప్యూటరు లోపలి గడియారం సెల్లు అప్పట్లోనే చచ్చి ఫైళ్లన్నిటి మీదా ఒకటే తేదీ పడింది, అది నేను కెమెరా పట్టకముందుది. ఏ ఏటి వరద దేంట్లో ఉందో తెరిచి వెతుకుదామంటే ఆ సమయం కూడా అరగంటలోంచే పోతుంది.

"ఏ ఏడమ్మా?"

"యాదికి లేదు, సారూ. తమ్ముడు అమ్మ కడుపుల ఉండె. గంతే."

"చిన్నయి రెండు ముందల తీద్దాం," అన్నాడు షాపతను. "పెద్దదానికి ఎంత మిగిలితె అంత."

నేను సరేనన్నాను. చిన్నవి రెండూ పూర్తిగా వచ్చాయి. మూడోది సగంలో ఆగింది. వచ్చినవన్నీ షాపులోని కొత్త కంప్యూటరులో తెరిచాం. చిన్నవాటిలో ఆ బడే లేదు. మూడోదాంట్లో, చివరి నుంచి రెండో ఫొటోలో, ఆమె తల్లి కనిపించింది. చేతిలో పళ్లెం, నిండు కడుపు.

"గీమె మా అమ్మనా! గిట్ల ఉండెనా!" అని ఆమె నవ్వింది.

తల్లి పక్కన ఒక మగమనిషి భుజం, అంచున తెగిపోయి. నేను ఒక అడుగు జరిగి మళ్లీ తీసి ఉంటాను. ఆ తర్వాతి ఫొటో కాపీ అవుతుండగానే డిస్కు ఆగింది. తెరిస్తే ఆకాశం, బడి పెంకులు, తలలు. భుజం ఉన్న వైపు తలకు చుట్టిన తువ్వాలు, దాని కింద నుదురు. ఆ కిందంతా బూడిద రంగు.

ఆమె నవ్వు ఆగిపోయింది. బూడిద రంగు మీద వేలు పెట్టింది.

"గీ మిగిలింది ఏడ వోయింది, సారూ?"

"డిస్కులో ఉండి ఉండాలమ్మా," అన్నాను. వార్త రాసేటప్పుడు ఇలాంటి ఊహ మాటను, పత్రికలో వార్తలు దిద్దే మా డెస్కు కొట్టేసేది.

రెండు ఫొటోలూ ఫోన్లో వేసుకుని ఆమె వెళ్లిపోయింది. వారం తర్వాత ఫోన్ చేసింది.

"అమ్మ ఫోన్ కండ్లకు ఆనిచ్చుకోని చూసింది, సారూ. 'ఆయనే' అన్నది. జరసేపయినంక, తువ్వాల మీ పెదనాయిన గూడ గట్లనే చుట్టెటోడు అన్నది."

డిస్కును అప్పటికే హైదరాబాదులో చూపించాను. విప్పి చూడాలి, విప్పాక ఏమీ రాకపోతే ఇక ఎవరూ తీయలేరు అన్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. అమ్మనడిగి చెప్తానంది.

డిస్కు నా బీరువాలో ఉంది. విప్పమనో వద్దనో ఆ పల్లె నుంచి ఇంకా కబురు రాలేదు.